కళ్లు తెరిచి ప్రార్థించే అక్క

మొన్న పొద్దున మా పాత బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో వచ్చింది. వెనకాల నీలం మబ్బులు, ఒక మూలన తెల్ల పావురం, కింద పెద్ద అక్షరాలతో ‘మహిమలో ప్రవేశించిన మా ప్రియమైన అమ్మగారు’ అని ఉంది. ఆ ‘అమ్మగారు’ అన్న మాట చూసి ముందు నవ్వొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. బతికున్నన్నాళ్లూ ఆ పిలుపును ఆమె ఎవరి నోటా సాగనివ్వలేదు.

“అమ్మగారంటె పాస్టరుగారి భార్య. నేను ఎవల భార్యను గాను. అక్క అను, సాలు,” అనేది.

అరవై దగ్గరపడిన మనిషిని ఇరవై ఏళ్ల పిల్లలం అక్కా అని పిలవడానికి మాకు నెల పట్టింది. ఆ నెలంతా ‘మేడం’ అనీ ‘టీచర్’ అనీ ఏవేవో అంటుంటే వినపడనట్టు నడిచిపోయేది. అక్కా అంటే మాత్రం అంత దూరం నుంచీ తిరిగి చూసేది.

మా స్కూలు జగిత్యాలలో కోరుట్ల రోడ్డు మీద, ఊరు అయిపోతుందనగా ఉండేది. సంఘం వాళ్లు నడిపే థియాలజీ స్కూలు. పేరు పెద్దదే గాని, ఉన్నది రెండంతస్తుల పాత ఇల్లు. కింది హాలే తరగతి గది, అదే మందిరం. పైన ఆడపిల్లల హాస్టలు. వెనక రేకుల షెడ్డులో వంటగది, దాని పక్కన మగపిల్లల గదులు. ఏడాది కోర్సు. జూన్‌లో చేరితే ఏప్రిల్లో పట్టా ఇచ్చి పంపిస్తారు.

నేను చేరింది పిలుపు విని కాదు. మాది ఎల్లారెడ్డిపేట దగ్గర పల్లె. నాన్న మస్కట్‌లో ఉండేవాడు, అమ్మ బీడీలు చేసేది. సిరిసిల్లలో డిగ్రీ అయిపోయి, ఉద్యోగాల పరీక్షలు రాసి రాసి, ఇంట్లో ఎవరి మొహమూ చూడలేకుండా ఉన్న రోజుల్లో మా ఊరి పాస్టరుగారు, “ఒక్క ఏడాది పోయి రా బిడ్డ. నలుగుట్ల మాట్లాడుడు అలవాటయితది,” అన్నాడు. ఇంట్లోంచి బయటపడితే చాలనుకుని వెళ్లాను.

అక్క మాకు ప్రసంగం ఎలా చేయాలో, ఇళ్లకు వెళ్లి మనుషులను ఎలా పలకరించాలో నేర్పేది. అంతకుముందు ఆమె మిషను ఆస్పత్రిలో నర్సు. ఆ ఆస్పత్రి మూతపడ్డాక, నడివయసులో థియాలజీ చదివి ఇటు వచ్చింది. ఇంతకుమించి ఆమె చరిత్ర నాకు తెలియదు. పెళ్లెందుకు చేసుకోలేదో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నర్సుతనం ఆమెను విడిచిపెట్టలేదు. ఎవరితో మాట్లాడినా వాళ్ల మణికట్టు పట్టుకునేది. మూడు వేళ్లతో, నాడి చూసినట్టు. ప్రిన్సిపాల్ అయ్యగారితో మాట్లాడినా అంతే, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషితోనైనా అంతే. ఆమె అలా పట్టుకుంటే అబద్ధం చెప్పడం కష్టంగా ఉండేది. హాస్టల్లో అన్నం తినకుండా తిన్నానని చెప్పి దొరికిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రార్థన చేసేటప్పుడు కళ్లు మూసుకునేది కాదు. మొదటి వారంలో ఒక ఉదయం, అందరం తలలు వంచి ఉన్నప్పుడు నేను దొంగచాటుగా కన్ను తెరిచాను. ఆమె ముందు వరసలో నిలబడి, పెదాలు కదుపుతూ, మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తోంది. నా దగ్గరికి వచ్చేసరికి చూపు ఆగింది. చటుక్కున కన్ను మూసేశాను. ఆ రోజు మధ్యాహ్నం భయపడుతూనే అడిగాను.

“ఆస్పత్రిల నేర్సుకున్న,” అంది. “ఒకపారి కండ్లు మూసుకొని ప్రార్థన జేస్తుంటె పేషెంటు మంచం మీదికెళ్లి కింద పడ్డడు. అప్పటిసంది మూసుకోను.”

“దేవుడు ఏమనుకోడా అక్కా?”

“ఆయన గూడ మూసుకోడు గద బిడ్డ.”

ఇలా రాస్తుంటే ఆమె ఏదో మహాత్మురాలిలా కనపడుతుందేమో. కాదు. పాట ఎత్తుకుందంటే శ్రుతి ఎటో పోయేది, గొంతు మాత్రం తగ్గించేది కాదు. అలిగితే రెండు రోజులు పలికేది కాదు. జగిత్యాల మార్కెట్‌కు మామిడికాయలు రావడం మొదలైతే, పండ్లబండి వాళ్లతో ఆమె చేసే గొడవకు పక్కన నిలబడలేక మేం సిగ్గుతో దూరం జరిగేవాళ్లం. కుక్కలంటే చచ్చేంత భయం. గల్లీలో కుక్క కనపడితే నా చున్నీ కొస పట్టుకుని నా వెనక నడిచేది. “నువ్వు ముందల నడువ్, నువ్వు వయసుల ఉన్నవ్,” అనేది.

నా మొదటి ప్రసంగం జూలైలో. అప్పటికి ఫోనులో పెద్ద పెద్ద ప్రసంగీకులను వినీ వినీ వాళ్ల గొంతు నా గొంతులో దింపుకున్నాను. చెయ్యి పైకెత్తి, “ప్రియమైన దేవుని జనాంగమా, ఈ దినమున నేను మీతో చెప్పుచున్నాను,” అని మొదలుపెట్టాను. మా పల్లెలో పుట్టినవాళ్లు ఎవరూ ఎప్పుడూ మాట్లాడని తెలుగు అది. మైకు కీచుమంటోంది. వెనక కిటికీ దగ్గర నిలబడ్డ అక్క వచ్చి మైకు ఆపేసింది.

“ఇదంత ఎవలికి జెప్తున్నవ్?”

“సంఘానికి అక్కా.”

“సంఘంల ఎవలికి? పేరు జెప్పు.”

నాకు అర్థం కాలేదు. అందరికీ అన్నాను.

“అందరికి జెప్తె ఎవలికి జెప్పనట్టే బిడ్డ. ఒక్క మనిషి పేరు చెప్పు. ఆ మనిషి నీ ముంగట కూసున్నదనుకో. ఆమెకు ఏం నొస్తున్నదో ఎరికై ఉండాలె. పేరు దొరికినంక లేద్దువు గని, అప్పటిదాంక కూసో.”

కూర్చున్నాను. మరుసటి వారం లేచి, “మా అమ్మకు చెప్తున్న,” అన్నాను. మళ్లీ అదే గొంతు, అవే ‘చున్నాను’లు. రెండు వాక్యాలు విని ఆపింది.

“ఇంట్ల మీ అమ్మతోని గిట్లనే మాట్లాడుతవా? ‘అమ్మా, నేను అన్నము తినుచున్నాను’ అంటవా?”

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏదో ఊడిపోయింది. ఆ రోజు అమ్మకు చెప్పినట్టు, మా ఊరి మాటలతో, అరవకుండా కొంచెంసేపు మాట్లాడాను. బాగుందని ఆమె అనలేదు. ఆమె అలా అనడం మేమెవరం వినలేదు. “రేపు ఇంకొకలు రాండ్రి,” అని గడియారం చూసుకుంది.

శని, ఆదివారాల్లో మమ్మల్ని ఊళ్లలోని సంఘాలకు పంపించేవాళ్లు. సిరిసిల్ల నాకు తెలిసిన ఊరు కాబట్టి నన్ను అక్కడ వేశారు. శనివారం మధ్యాహ్నం జగిత్యాలలో బస్సెక్కితే సాయంత్రానికి సిరిసిల్ల. ఇళ్లు తిరగడం, ఆదివారం ఆరాధన, సోమవారం పొద్దున్నే తిరుగు బస్సు. నెలకోసారి అక్క కూడా వచ్చేది, మేం ఏం చేస్తున్నామో చూడడానికి.

నాకప్పగించిన ఇళ్లలో ఒకటి లచ్చవ్వది. సాంచాలు నడిచే గల్లీ. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పొద్దంతా వాటి చప్పుడే. లచ్చవ్వకు చెవులు సరిగా వినపడవు. ఆ చప్పుడులో ప్రార్థన చేయాలంటే ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చేది. కండెలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు వంకరపోయాయి. మునుపు ఎప్పుడో పెద్ద జబ్బు చేసి లేచాక, సంఘంలో పాటలు బాగుంటాయని వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు బాప్తిస్మం తీసుకుంది. ఇంట్లో ఇంకెవరూ తీసుకోలేదు. కొడుకు రాజేశం సాంచాల మీద పనిచేసేవాడు. గోడ మీద వాళ్ల కులదైవం పటం అలాగే ఉండేది. ప్రతి ఆదివారం తల్లిని బండి మీద తీసుకొచ్చి, మందిరం మెట్ల దగ్గర దింపి, ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చునేవాడు. ఆరాధన అయిపోయాక మళ్లీ ఎక్కించుకుని పోయేవాడు. లోపలికి ఎప్పుడూ రాలేదు. ఆమెను వద్దని కూడా ఎప్పుడూ అనలేదు.

మొదట్లో నేను వెళ్లగానే సంచిలోంచి పుస్తకం తీసేదాన్ని. అక్క మొదటిసారి నాతో ఆ ఇంటికి వచ్చినప్పుడు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, “ముందుగాల ఆమె చిక్కుడుకాయ తుంపుతున్నది, చూసినవా? కూసో, తుంపు,” అంది. ముగ్గురం కూర్చుని చిక్కుడుకాయలు తుంపాం. ఆ వేళ లచ్చవ్వ చెప్పినన్ని మాటలు అంతకుముందు అన్ని వారాల్లో చెప్పలేదు.

ఆ తర్వాత ఆమె నాతో చాలా చెప్పేది. చావు గురించి కూడా. వానాకాలంలో ఒక శనివారం, “నేను సస్తె నన్ను కాలవెట్టకుండ్రి బిడ్డ, మీ సమాధుల తోటల వాతిపెట్టుండ్రి. నిప్పంటె నాకు భయం,” అంది. దీపావళి తర్వాత ఒకసారి, ఏ సందర్భమూ లేకుండా, “నా కొడుకు చెయ్యి వడకుంటె నేను యాడికి పోతనే,” అంది. రెండు మాటలూ నేను విన్నాను. రెండూ కలిపి ఆలోచించాల్సిన రోజు వస్తుందని అనుకోలేదు.

క్రిస్మస్ అయిపోయిన తర్వాతి ఆదివారం రాజేశం బండి రాలేదు. ఆ వారం అక్క సిరిసిల్లలోనే ఉంది. ఆరాధన ముగియగానే ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. గల్లీ మలుపు తిరగగానే నాకు తెలిసిపోయింది. ఎప్పుడూ ఆగని సాంచాలు ఆగి ఉన్నాయి. ఎవరైనా పోతేనే ఆ గల్లీలో అంత నిశ్శబ్దం.

వాకిట్లో లచ్చవ్వను పడుకోబెట్టారు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. ఒక పక్క కుర్చీల్లో వాళ్ల కులపెద్దలు, గోడ వారన డప్పులవాళ్లు. కాసేపటికి మా సంఘపెద్ద కూడా నలుగురితో వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. లచ్చవ్వకు జ్వరం వస్తే మందులు తెచ్చిచ్చిన మనిషి. సమాధుల తోట కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. అంతకుముందు ఆయన తల్లి పోయినప్పుడు పాతిపెట్టడానికి చోటు లేక, శవాన్ని ట్రాక్టరులో పెట్టుకుని ఇంకో ఊరికి పోయారట. అందుకే ఆ తోట విషయంలో ఆయనకు అంత పట్టుదల.

“బతికినన్ని రోజులు మా నడుమ కూసున్నది. మా మనిషి. తోటల జాగ తయారుగున్నది,” అన్నాడు.

“మీ నడుమ కూసుంటె కూసున్నది. మా ఇంటి కోడలు గాదా? మా తీరుగనే పోవాలె. లేదంటె పాడె మేం ముట్టం,” అన్నాడు కులపెద్దల్లో ఒకాయన. 

మాట మీద మాట పెరిగింది. రాజేశం తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగడం లేదు. సంఘపెద్ద నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

“వారం వారం నువ్వే గద వచ్చినవ్. ఆమె నీతోని ఏమన్న అన్నదా? ఇందరి ముంగట చెప్పు.”

అందరూ నా వైపు తిరిగారు. ఆయనకు ఏ మాట కావాలో నాకు తెలుసు. ఆ ఒక్కటి చెబితే అది అబద్ధం కూడా కాదు. అక్క వైపు చూశాను. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“ఏమన్నదో గదే చెప్పు. మొత్తం చెప్పు,” అంది.

చెప్పాను. నిప్పంటే భయమనీ, పాతిపెట్టమనీ అన్నదని చెప్పాను. కొడుకు చెయ్యి పడకుంటే ఎక్కడికీ పోలేనన్నదని కూడా చెప్పాను. మొదటి మాటకు కులపెద్ద లేచి నిలబడ్డాడు, రెండో మాటకు సంఘపెద్ద తల పట్టుకున్నాడు. ఇద్దరికీ నా మీద కోపం వచ్చింది. రాజేశం మాత్రం మొదటిసారి తలెత్తాడు.

“నిప్పంటె భయమన్నదా?” అన్నాడు.

“అన్నదన్నా.”

“నా చిన్నప్పుడు పొయ్యి కాడ చీర అంటుకున్నది. చెయ్యంత కాలింది. అవ్వ నాతోని ఎన్నడు గా ముచ్చట తియ్యలే,” అన్నాడు. అని ఏడ్చాడు. పొద్దటి నుంచి ఏడవలేదట. 

అక్క వెళ్లి అతని పక్కన కింద కూర్చుంది. అతని మణికట్టు పట్టుకుంది.

“రాజేశం, తోటల పెట్టినా నీ చేతులతోనే పెట్టుకోవచ్చు. మొదటి మన్ను నువ్వే వెయ్యొచ్చు. మేమెవలం అడ్డం రాం. నీకేమనిపిస్తున్నదో నువ్వు చెప్పు.”

అతను తల్లి పాదాల మీద చెయ్యి పెట్టాడు. “మా నాయినకు నేనే అగ్గి వెట్టిన అక్కా,” అన్నాడు. “గాయిన కాలిన కాడనే అవ్వ గూడ పోవాలె. తోటల పెడితె నేను అవ్వను వేరెవలకో అప్పజెప్పినట్టయితది. నాకు మనసొప్పుతలేదు. భయమన్నదని ఇన్నంక గూడ ఒప్పుతలేదు. నేనేం చెయ్యాలె?”

“నువ్వు కొడుకువు. నువ్వు ఎట్లంటె గట్ల. మేం నీ ఎంబడి వస్తం,” అంది అక్క.

సంఘపెద్ద మొహం పాలిపోయింది. “అక్కా, మీరేం జేస్తున్నరో మీకు తెలుస్తున్నదా?” అన్నాడు. అరవలేదు. నిజంగానే అడిగాడు.

“తెలుస్తలేదు అన్నా,” అంది అక్క. “మీరు గూడ రాండ్రి.”

ఆయన రాలేదు. తనతో వచ్చినవాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు. డప్పులు మొదలయ్యాయి. గల్లీ చివర ఆడవాళ్లు ఆగిపోయారు. అక్క ఆగలేదు, నేనూ ఆగలేదు. కులపెద్ద వెనక్కి తిరిగి రాజేశంతో ఏదో అన్నాడు. “రానియ్యుండ్రి,” అన్నాడు రాజేశం, చేతిలో నిప్పుకుండతో నడుస్తూనే.

వైకుంఠధామంలో కట్టెలు పేర్చి ఉన్నాయి. చలికాలం ఎండ. అక్క పాట పాడుతుందేమో, గొడవవుతుందేమో అని భయపడ్డాను. పాడలేదు. లచ్చవ్వ తల ఉన్న వైపు వెళ్లి, ఎవరికీ అడ్డు కాకుండా నిలబడింది. రాజేశం చితి చుట్టూ తిరుగుతుంటే, ఆమె కళ్లు తెరిచే, లచ్చవ్వ మొహం వైపే చూస్తూ ప్రార్థన చేసింది. డప్పుల చప్పుడులో పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడి ఉండదు.

“ప్రభువా, ఈమెకు నిప్పంటె భయం. ఈ కొంచెంసేపు దగ్గరుండు.”

అంతే. నేను ఆమేన్ అన్నాను. ఆ ఏడాది మొత్తం మీద నేను మనసులో ఏ అనుమానమూ లేకుండా అన్న ఆమేన్ అదొక్కటే అనుకుంటాను.

విషయం జగిత్యాలకు మాకన్నా ముందే చేరింది. వారం తిరగకుండా కమిటీ కూర్చుంది. బాప్తిస్మం తీసుకున్న విశ్వాసురాలిని సంఘం వదులుకునేలా చేశారని అక్క మీద ఫిర్యాదు. నన్ను కూడా లోపలికి పిలిచారు. పొడుగు బల్ల వెనక ప్రిన్సిపాల్ అయ్యగారు, ఇంకా పెద్దలు. అక్క ఓ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది.

“నువ్వు స్టూడెంటువు. ఆమె రమ్మంటే వెళ్లి ఉంటావు. అంతే కదమ్మా?” అన్నారు అయ్యగారు. ఆయన మంచిగానే అడిగారు. అవునంటే నా వరకు అయిపోతుంది. నాకా సంగతి తెలుసు. ఏడాది మధ్యలో పంపించేస్తే ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలన్న భయమూ ఉంది.

“కాదు అయ్యగారూ. అక్క నన్ను రమ్మనలే. ఆ అవ్వ నాకు అప్పజెప్పిన మనిషి. నేనే పోయిన,” అన్నాను.

అక్క నా వైపు చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

తర్వాత ఆమెను అడిగారు, చేసింది పొరపాటని ఒప్పుకుంటావా అని. “పొరపాటు అయ్యుండొచ్చు. నాకు తెల్వది. తెల్వనిదాన్ని తెలిసినట్టు ఎట్ల ఒప్పుకోవాలె?” అంది.

నన్ను పంపించలేదు. సిరిసిల్ల నుంచి తీసేసి ధర్మపురి వైపు ఒక పల్లెకు మార్చారు. అక్క దగ్గర నుంచి ప్రసంగం క్లాసు తీసేశారు. సంఘాలను చూడడానికి వెళ్లడమూ ఆపేశారు. హాస్టలు, వంటగది చూసుకోమన్నారు. వేరే ఎవరైనా అయితే మానేసి సొంతూరికి వెళ్లిపోయేవారు. ఆమె మరుసటి రోజు పొద్దున చీర కొంగు బిగించి వంటగదిలో ఉంది. నేను ఏడుస్తూ వెళ్లాను. కమిటీ ముందు నేనన్న మాటకు ఏదైనా అంటుందేమోనని లోపల ఆశ కూడా ఉంది.

“పప్పు అడుగంటుతున్నది, కలువు,” అంది.

పప్పు కలిపాను. పక్కనే నిలబడి బియ్యంలో రాళ్లు ఏరుతూ, చాలాసేపటి తర్వాత, “గట్ల అడ్డం పడకపోవాల్సింది. నీకేమన్న అయితె మీ అమ్మకు నేనేం జెప్పుదు?” అంది. అప్పుడు చూశాను, ఆమె ఎంత భయపడిందో.

ఆ నాలుగు నెలలూ క్లాసు వంటగదిలోకి మారిపోయింది. ఎవరూ మార్చలేదు, అదే మారింది. ఆదివారం ప్రసంగం ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం కూరగాయలు తరగడానికని వెళ్లేవాళ్లు. ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పేవాళ్లు, ఆమె పొయ్యి దగ్గర నుంచి, “పేరు?” అనేది. కొత్తగా వచ్చిన ప్రసంగం సారు హాల్లో నోట్స్ చెప్పేవారు. మేం రాసుకునేవాళ్లం. ఆయనకూ తెలుసనుకుంటాను మేం ఎక్కడికి వెళ్తున్నామో. ఒకసారి ఆయనే చాయ్ కోసమని వచ్చి, గుమ్మంలో నిలబడి చివరిదాకా విని వెళ్లారు.

ఏప్రిల్లో పట్టాలిచ్చే ముందు ఒక్కొక్కరం మందిరంలో ప్రసంగం చేయాలి. నేను మైకు పట్టుకోలేదు. కొడుకుల గురించి, తల్లులను సాగనంపడం గురించి మాట్లాడాను. మా ఊరి మాటల్లోనే మాట్లాడాను. అయ్యగారు మధ్యలో ఒకసారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అయిపోయాక వెనక వంటగదికి వెళ్లాను. అక్క ఆ రోజు హాలులోకి రాలేదు. కిటికీ దగ్గర నిలబడి విందట.

“ఎవలికి జెప్పినవ్?” అంది.

“రాజేశమన్నకు.”

“ఆయన ఈడ లేడు గద.”

“లేడు.”

“మరి పోయి జెప్పు.”

ఇంటికి వెళ్లే దారే గదా అని మర్నాడు సిరిసిల్లలో దిగాను. మధ్యాహ్నం షిఫ్టు. రాజేశం సాంచాల మధ్య ఉన్నాడు. నన్ను చూసి తన మగ్గాలు ఆపి, బయటికి వచ్చి, అరుగు మీద కూర్చోమన్నాడు. బాగా చిక్కిపోయాడు. నేను అడగకుండానే, “తప్పు జేసిన్నేమో అనిపిస్తున్నది. రోజు గదే యాదికస్తున్నది. భయమన్నది గదా,” అన్నాడు.

నేను సిద్ధం చేసుకున్న ప్రసంగమంతా పక్కకు పోయింది. “అన్నా, ఆ రోజు అక్క ప్రార్థన జేసింది, నీకు ఇనవడ్డదా?” అన్నాను.

“డప్పులల్ల ఏం ఇనవడతది?”

చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే, ఒక మాట కలపకుండా చెప్పాను. అతను రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. లోపల మిగతా సాంచాలు కొట్టుకుంటున్నాయి.

“గట్లన్నదా అక్క,” అన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను. ఆ తర్వాత లేచి, చాయ్ తాగి పొమ్మని హోటలుకు తీసుకువెళ్లాడు. చాయ్ తాగుతూ వాళ్లవ్వ గురించి, ఆమె పాడే పాటల గురించి, నాకు తెలియని ఎన్నో సంగతులు చెప్పాడు. ఒకచోట నవ్వాడు కూడా. ఏడాదంతా నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే, ఆ అరుగు మీద ఆ మాట చెప్పి ఊరుకోగలగడం అంటాను.

నేను పాస్టరును కాలేదు. మా సంఘంలో ఆడవాళ్లకు ఆ పని ఇవ్వరు. సిరిసిల్లలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా ఉంటున్నాను. ఆదివారాలు సంఘంలో ఆడవాళ్ల ప్రార్థన కూడిక నడుపుతాను. ఆ రోజు అలిగి వెళ్లిపోయిన సంఘపెద్దే నన్ను పిలిచి ఆ కూడిక అప్పజెప్పాడు. ఎందుకో ఆయన చెప్పలేదు.

అక్క ఆ తర్వాత కొన్నేళ్లు వంటగదిలోనే పనిచేసి, మోకాళ్లు మొరాయించాక కోరుట్లలో తమ్ముడి ఇంటికి చేరింది. పోయిన వేసవిలో చూడడానికి వెళ్లాను. గుండె బాగా లేదు, నాలుగు మాటలకోసారి ఆయాసపడుతోంది. వాకిట్లో మంచం మీద కూర్చుని, కాయలన్నీ పుల్లగా ఉన్నాయని మామిడిపండ్లవాణ్ని తిడుతోంది. “ఇప్పుడు ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గద, నెలకొక్కపారి రావడానికేం రోగం?” అని నన్నూ తిట్టింది.

వచ్చే ముందు, అన్నేళ్లుగా అడగాలనుకున్నది అడిగాను.

“అక్కా, లచ్చవ్వ విషయంల మనం చేసింది కరెక్టేనా అని నీకెప్పుడన్న అనిపించిందా?”

“ఎప్పుడన్న ఏంది? రోజు అనిపిస్తది,” అంది. “భయమన్న మనిషిని భయమున్న కాడికే పంపిస్తి. కొడుకును ఇడిచిపెట్టి ఆమెను తోటకు ఎత్తుకపోయినా గిట్లనే అనిపిస్తుండె. ఆ పెద్దమనిషి గూడ తప్పు మాట్లాడలే. ఆయన బాధ ఆయనది. అందరిది నిజమే ఉండె ఆ పొద్దు.”

“మరి ఎట్ల తెలుస్తది అక్కా?”

కొంచెంసేపు ఆయాసం తీర్చుకుంది.

“ఈడ తెల్వది బిడ్డ. పోయినంక ఆమెనే అడుగుత. ముందుగాల ఆమె కాడికే పోత. ‘లచ్చవ్వా, నీకేది గావాలుండె, ఇప్పుడన్న సక్కగ జెప్పు’ అంట. తిడితె తిట్లు వడుత.”

మొన్న కోరుట్లలో ఆమెను సమాధి చేసి అందరం తిరిగి వస్తుంటే నాకు ఆ మాటే చెవిలో ఉంది. లచ్చవ్వ ఏమందో, తిట్టిందో, మరేమందో నాకెలా తెలుస్తుంది. అక్క మాత్రం ఈపాటికి వెళ్లి అడిగే ఉంటుంది. ఇలాంటివి రేపు చూసుకుందాంలే అనుకునే మనిషి కాదు ఆమె.